చైనా టీనేజీ పిల్లలు, వాళ్ల బడి, వాళ్ల ఇంగ్లీషు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయన ఉద్యోగం వల్ల 2018 నుంచి 2023 వరకు మేం చైనాలోని సూజౌలో ఉన్నాం. షాంఘైకి ఫాస్ట్ ట్రైన్‌లో అరగంట దూరం. మేం వెళ్లిన ఏడాది ఎదురు ఫ్లాట్‌లో అమ్మాయి ఆరో తరగతిలో చేరింది. ఒకరోజు వాళ్లమ్మ లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి, ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ తెరిచి చూపించింది. "మా పాపతో వారానికి ఒక గంట ఇంగ్లీషులో మాట్లాడతారా?" అని ఉంది అందులో. అలా మొదలైన శనివారం సాయంత్రాలు మేం ఇండియాకి తిరిగొచ్చేదాకా సాగాయి. ఆ పిల్ల నన్ను "ఆయీ" అని పిలిచేది. మన దగ్గర పిల్లలు ఆంటీ అన్నట్టే అది.

వచ్చినప్పటి నుంచి చుట్టాలు, మా వీధిలో తల్లులు, నాకు తెలిసిన టీచర్లు చైనా చదువుల గురించి అడుగుతూనే ఉన్నారు. ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

చైనాలో పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతారా?

లేదు. అందరూ మొదట అడిగేది ఇదే, జవాబు విని ఆశ్చర్యపోయేదీ ఇక్కడే. లెక్కలు, ఫిజిక్స్, చరిత్ర అన్నీ చైనీస్‌లోనే చదువుతారు. కాలేజీలో ఇంజినీరింగ్, డాక్టరు చదువు కూడా ఎక్కువ మందికి చైనీస్‌లోనే. ఫీజు ఎక్కువ ఉండే ఇంటర్నేషనల్ స్కూళ్లు కొన్ని ఉన్నాయి గానీ అవి వేరే లోకం. మామూలు పిల్లవాడికి ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే. కాకపోతే చాలా బరువైన సబ్జెక్టు.

మన దగ్గర ఇంగ్లీషు రాకపోతే సైన్సు పాఠం కూడా అర్థం కాక పిల్ల వెనకబడుతుంది. అక్కడ ఇంగ్లీషులో వెనకబడిన పిల్ల లెక్కల్లో క్లాస్ ఫస్ట్ రావచ్చు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

ఏ తరగతి నుంచి నేర్పుతారు?

2001లో వచ్చిన మార్పుల తర్వాత దేశమంతా మూడో తరగతి నుంచి. షాంఘై, బీజింగ్ లాంటి చోట్ల ఒకటో తరగతి నుంచే. ఆరేళ్లు ప్రైమరీ, మూడేళ్లు జూనియర్, మూడేళ్లు సీనియర్, మొత్తం పన్నెండేళ్ల చదువు. మొదటి తొమ్మిదేళ్లు 1986 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి.

వాళ్ల తాతల కాలంలో, 1950లలో, బళ్లో నేర్పిన ముఖ్యమైన విదేశీ భాష రష్యన్. ఇంగ్లీషు మీద మోజు పుట్టింది 1970ల చివర్లో చైనా తలుపులు తెరిచాకే. 1982లో బీబీసీ వాళ్ల ఇంగ్లీషు పాఠాలు టీవీలో వస్తే, టీవీ ఉన్న ఇంట్లో వీధంతా చేరేదట.

బడి రోజు ఎలా ఉంటుంది?

పొద్దున ఏడు, ఏడున్నర మధ్య పిల్లలు క్లాసులో ఉంటారు. పాఠాలకు ముందు "జావ్‌దూ", అంటే పొద్దుటి చదువు. ఒకరోజు చైనీస్, ఒకరోజు ఇంగ్లీషు. నలభై యాభై మంది ఒకేసారి గొంతెత్తి పాఠం చదువుతారు. మా బాల్కనీకి ఎదురుగానే ఒక జూనియర్ స్కూలు ఉండేది. ఆ మోత వింటుంటే చిన్నప్పుడు మా ఊరి బళ్లో ఎక్కాలు వల్లెవేసింది గుర్తొచ్చేది. పదాలు వేరు గానీ రాగం అదే.

సోమవారం జెండా ఎగరేస్తారు. మధ్యలో వ్యాయామం. ఇంకొకటి చూసి నేను చాలా ముచ్చటపడ్డాను, కళ్ల వ్యాయామం. 1960ల నుంచి ఉందట. మైకులో పాట వస్తుంది, పిల్లలంతా కళ్లు మూసుకుని కనుబొమల దగ్గర, ముక్కు పక్కన, కణతల మీద లెక్క ప్రకారం వేళ్లతో నొక్కుకుంటారు. అంత చదివే పిల్లలకు కళ్లజోళ్లు తప్పట్లేదు గానీ, ఆ ఐదు నిమిషాల నిశ్శబ్దం మాత్రం వాళ్లకు అవసరమే అనిపించేది.

మధ్యాహ్నం తిన్నాక డెస్కు మీద తల వాల్చి చిన్న కునుకు తీస్తారు. క్లాసు ఊడ్చడం, బోర్డు తుడవడం వంతులవారీగా పిల్లల పనే. యూనిఫాం అంటే వదులుగా ఉండే ట్రాక్‌సూట్, అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకటే. ప్రతి క్లాసుకూ "బాన్‌జూరెన్" అని ఒక టీచరు ఉంటారు. మన క్లాస్ టీచరే గానీ పట్టు చాలా ఎక్కువ. ఎవరు దిగులుగా ఉన్నారు, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఎవరింట్లో అమ్మానాన్నలు గొడవపడుతున్నారు, ఆవిడకు అన్నీ తెలుస్తాయి. తల్లిదండ్రుల వీచాట్ (వాళ్ల వాట్సాప్ లాంటిది) గ్రూపులో రాత్రి పదింటికీ ఆవిడ మెసేజ్ వస్తుంది.

సీనియర్ స్కూలుకు వచ్చేసరికి రాత్రి స్టడీ అవర్స్ మొదలవుతాయి. చాలా చోట్ల తొమ్మిదిన్నర, పది దాకా సాగుతాయి, హాస్టల్లో ఉండే వాళ్లూ ఎక్కువే. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవాళ్లకు ఇది నేను వర్ణించి చెప్పక్కర్లేదు.

అన్ని పదాలు ఎలా గుర్తుపెట్టుకుంటారు?

డిక్టేషన్‌తో. టీచరు చైనీస్‌లో అర్థం చెబుతుంటే పిల్లలు ఇంగ్లీషు పదం రాస్తారు. ఇంట్లో అదే పని అమ్మో నాన్నో చేయించి, కింద సంతకం పెట్టి పంపాలి. ఎదురింటి అమ్మాయి వాళ్ల నాన్నకు ఇంగ్లీషు రాదు. ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెయ్యి కడుక్కుని, పుస్తకంలో చైనీస్ అర్థం వరకు చదివేవాడు. కూతురు రాసిన స్పెల్లింగును పుస్తకంలో ఉన్నదానితో ఒక్కో అక్షరం వేలు పెట్టి పోల్చి చూసేవాడు. తనకు ఒక్క ముక్క రాని భాషలో కూతురికి పరీక్ష పెట్టే ఆ తండ్రిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

సీనియర్ స్కూలు అయ్యేసరికి మూడు వేలకు పైగా పదాలు రావాలి. పదాల పుస్తకాలు చాలావరకు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి మొదటి పేజీలో "అబాండన్" అనే పదం కనిపిస్తుంది. వదిలేయడం అని అర్థం. ప్రతి జనవరిలో కొత్తగా మొదలుపెట్టి, మూడో రోజు ఆ పదం దగ్గరే పుస్తకం వదిలేశామని అక్కడి పిల్లలంతా చెప్పుకుంటారు.

నాకు బాగా నచ్చింది వాళ్ల తప్పుల నోట్‌బుక్. పరీక్ష పేపరు రాగానే తప్పు పోయిన ప్రశ్నను కత్తిరించి నోట్‌బుక్‌లో అతికిస్తారు. పక్కన తను రాసింది, సరైనది, ఎందుకు తప్పిందో రంగు పెన్నులతో రాస్తారు. ఆ అమ్మాయి నోట్‌బుక్ ఒకటి నేను తిరగేశాను. ఒకచోట, "ప్రశ్న పూర్తిగా చదవలేదు. తొందర. ఇది నాలుగోసారి" అని రాసుకుంది. వ్యాకరణం మీదే కాదు, తన స్వభావం మీద కూడా లెక్క రాసుకుంటోందని అప్పుడు అర్థమైంది. మా అన్నయ్య కొడుక్కి ఇక్కడ ఇదే అలవాటు చేయించాను, లెక్కల్లో.

పరీక్షల్లో ఇంగ్లీషుకు ఎన్ని మార్కులు?

పెద్ద పరీక్ష "గావోకావో", సీనియర్ స్కూలు చివర జూన్ 7న మొదలవుతుంది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆగిపోయి 1977లో మళ్లీ వచ్చింది. 2024లో 1 కోటి 34 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. చాలాచోట్ల మొత్తం 750 మార్కులు. చైనీస్‌కు 150, లెక్కలకు 150, ఇంగ్లీషుకు 150. ఇంజినీరు అవ్వాలన్నా, టీచరు అవ్వాలన్నా ఇది తప్పదు. ఇంగ్లీషు బదులు రష్యన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ కూడా తీసుకోవచ్చు, కానీ చాలామంది రాసేది ఇంగ్లీషే.

కొత్త పద్ధతి పేపర్‌లో వినికిడికి 30, చదివి అర్థం చేసుకోవడానికి 50, ఖాళీలు పూరించడం వగైరాలకు 30, రాతకు 40 మార్కులు. రాతలో ఎనభై పదాల ఉత్తరం ఒకటి. సగంలో ఆపిన కథ ఇచ్చి మిగతాది రాయమనే ప్రశ్న ఇంకొకటి. వినికిడి పరీక్ష జరిగేటప్పుడు సెంటర్ల చుట్టుపక్కల కట్టడాల పనులు ఆపేస్తారు, హారన్ కొట్టనివ్వరు. బయట తల్లులు ఎర్రటి చీపావో గౌన్లు వేసుకుని నిలబడతారు. ఆ గౌను పేరులో మొదటి అక్షరం, జెండా ఎగరగానే గెలుపు అనే వాళ్ల సామెతలో మొదటి అక్షరం ఒకటే కాబట్టి శుభం అని నమ్మకం.

చేతిరాత గురించి కూడా చెప్పాలి. హెబెయ్ రాష్ట్రంలో హెంగ్‌షుయ్ అనే ఊరి హైస్కూలు గావోకావో ఫలితాలకు పేరుమోసింది. అక్కడి పిల్లల ఇంగ్లీషు చేతిరాత దేశమంతా ప్రసిద్ధం. అక్షరాలు గుండ్రంగా, నిటారుగా, అన్నీ ఒకే ఎత్తులో, అచ్చు వేసినట్టే ఉంటాయి. జవాబు పత్రాలు స్కాన్ చేసి కంప్యూటర్ మీద దిద్దుతారు, దిద్దే వాళ్లకు ఒక్కో వ్యాసానికి దొరికేది తక్కువ సమయం. చూడగానే ముద్దొచ్చే రాతకు ఒకటో రెండో మార్కులు ఎక్కువ పడతాయని అందరి నమ్మకం. దానికోసం కాపీ పుస్తకాలు అమ్ముతారు. మా ఎదురింటి అమ్మాయి వేసవి సెలవుల్లో రోజుకు ఒక పేజీ దిద్దేది.

లీ హువా ఎవరు?

ఎవరూ కాదు! కానీ చైనాలో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. ఇంగ్లీషు పరీక్షలో ఉత్తరం ప్రశ్న ఎక్కువసార్లు "నువ్వు లీ హువా అనుకో" అని మొదలవుతుంది. అసలు పేరు రాస్తే పేపరు ఎవరిదో దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి అందరికీ ఒకే పేరు. మొదట్లో ఈ పేరుతో పరీక్ష రాసినవాళ్లకు ఇప్పుడు నడివయసు. లీ హువా విదేశీ స్నేహితుణ్ని పండుగకు పిలుస్తాడు, టీ గురించి చెబుతాడు, పోటీకి రాలేకపోయినందుకు క్షమాపణ అడుగుతాడు, ఇంగ్లీషు టీచరుకు సలహా ఇస్తాడు. లీ హువా ఆడో మగో కూడా ఎవరికీ తెలియదు. ఆ పేరు ఇద్దరికీ సరిపోతుంది.

అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా నా ముందే కూర్చుని ఒక ఉత్తరం రాసింది. పన్నెండు నిమిషాలు పట్టింది. మొదటిది, రెండోది, ఆఖరిది అంటూ కారణాలు, చివర "మీ జవాబు కోసం ఎదురుచూస్తూ, మీ లీ హువా" అని సంతకం. ఒక్క తప్పు లేదు. నేను మెచ్చుకుని, "ఇప్పుడు నీ పేరుతో ఒకటి రాయి, మీ ఇంట్లో ఎవరి గురించైనా" అన్నాను. ఇరవై నిమిషాలు పెన్ను కొస కొరుకుతూ కూర్చుంది. "ఆయీ, దేని గురించి రాయాలో పాయింట్లు ఇవ్వండి" అంది.

పిల్లకు భాష వచ్చు. ఆ భాషలో తను ఇంకా లేదు, అంతే. ఈ పేజీలో నేను మిగతా వాటికంటే గట్టిగా చెప్పదలచుకుంది ఇదే.

మార్కులు వస్తాయి గానీ మాట్లాడలేరంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. వాళ్లే దానికి పేరు పెట్టుకున్నారు, "మూగ ఇంగ్లీషు" అని. చదువుతారు, రాస్తారు, నోరు పెగలదు. పరీక్షలో మాట్లాడడానికి మార్కులు తక్కువ. ఇంట్లో, వీధిలో, బస్సులో ఇంగ్లీషు అవసరమే లేదు. తప్పు మాట్లాడితే పదిమందిలో పరువు పోతుందన్న భయం వీటికి తోడు. మనకూ ఈ భయం కొత్త కాదు.

దీన్ని విరగ్గొట్టడానికి 1970ల చివర నుంచి "ఇంగ్లీష్ కార్నర్లు" పుట్టాయి. షాంఘైలో పీపుల్స్ పార్కులో ఒకటి బాగా పేరున్నది. పార్కులో ఒక మూల జనం చేరి, ముక్కూమొహం తెలియని వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడతారు. రిటైరైన తాతయ్యలు, కాలేజీ పిల్లలు, అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన పదేళ్ల వాళ్లు, అందరూ ఉంటారు. ఎదురింటి అమ్మాయిని ఒకసారి తీసుకెళ్లాను. ఒక ముసలాయన ఇంగ్లీషులో "ఎలా ఉన్నావు?" అని అడిగాడు. అమ్మాయి క్షణం ఆలస్యం లేకుండా "ఐ యామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ?" అంది. 1990లలో బళ్లో చదివినవాళ్లు పాఠ్యపుస్తకంలో లీ లేయ్, హాన్ మేయ్‌మేయ్ అనే ఇద్దరు పిల్లల సంభాషణలతో నేర్చుకున్నారు. ఈ జవాబు అప్పటి నుంచే అందరి నోళ్లలో అచ్చు పడిపోయింది. కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నా ఇదే అంటారని అక్కడివాళ్లే చెప్పుకుంటారు.

సూజౌ ఉన్న జియాంగ్సు రాష్ట్రంలో జూనియర్ స్కూలు పిల్లలకు మాట్లాడే పరీక్ష కూడా ఉంది. అయితే మాట్లాడాల్సింది మనిషితో కాదు, కంప్యూటరుతో. హెడ్‌ఫోన్ పెట్టుకుని, గదినిండా పిల్లలు ఒకేసారి తెరతో మాట్లాడతారు.

నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. మొదటి నెలలో ప్రతి తప్పూ అక్కడికక్కడే దిద్దేదాన్ని. మూడో వారానికి పిల్ల అవును, కాదు అని తప్ప మాట్లాడడం మానేసింది. అప్పుడు దిద్దడం ఆపేసి, తను చెప్పిన మాటనే సరిగ్గా మార్చి ప్రశ్నగా అడగడం మొదలుపెట్టాను. "నిన్న నేను వెళ్తాను పార్కుకి" అంటే, "ఓ, నిన్న వెళ్లావా? ఎవరితో?" అనేదాన్ని. రెండు నెలలకు నోరు విప్పింది.

వాళ్లకు కష్టమైనవి ఏంటి? మనకు తేలికైనవి ఏంటి?

మాట్లాడే చైనీస్‌లో అతడు, ఆమె, అది మూడింటికీ ఒకటే శబ్దం, "తా". రాసేటప్పుడే అక్షరం మారుతుంది. అందుకే బాగా చదివినవాళ్లు కూడా గబగబా మాట్లాడేటప్పుడు అమ్మను "హి" అనేస్తారు. క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. "నిన్న" అని చెబితే చాలు, మిగతా వాక్యం అలాగే ఉంటుంది. తెలుగులో వచ్చాడు, వచ్చింది, వస్తాడు అని పుట్టినప్పటి నుంచి మార్చే మనకు ఈ రెండూ పెద్ద చిక్కు కాదు. "ఎ", "ది" ఎక్కడ పెట్టాలన్నది మాత్రం వాళ్లకూ మనకూ ఒకే తలనొప్పి. రెండు భాషల్లోనూ అవి లేవు.

మాండరిన్‌లో పదం చివర వచ్చే హల్లులు చాలా తక్కువ. అందుకే ఇంగ్లీషు పదాల చివర మింగేస్తారు, లేదా ఒక అచ్చు తగిలిస్తారు. మనమూ బస్సు, కారు, పెన్ను అంటాం కదా, అలాగే. "థాంక్యూ"ని చైనీస్ అక్షరాల్లో "సాన్ కే యో" అని రాసి నేర్చుకున్న తరం ఉంది. ఆ అక్షరాలకు అసలు అర్థం మూడు గ్రాముల నూనె. తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు పాఠం రాసుకుని బట్టీపట్టిన వాళ్లు మా క్లాసులోనూ ఉండేవారు. అది తక్కువతనం అని నేననుకోను, అందిన నిచ్చెన ఎక్కడమే.

"గుడ్ గుడ్ స్టడీ, డే డే అప్" అని ఒకటి వింటారు. 1951లో మావో రాసిచ్చిన నినాదానికి, బాగా చదువు, రోజురోజుకీ ఎదుగు అనేదానికి, మాటకు మాట పెట్టిన ఇంగ్లీషు. ఇలాంటి వాటిలో కొన్ని నిలబడతాయి కూడా. ఉత్సాహపరచడానికి చైనావాళ్లు అనే "జియాయో", అంటే నూనె పోయడం, ఇంగ్లీషులో "యాడ్ ఆయిల్" అయి 2018లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కింది.

వాళ్లంతా ఇంగ్లీషు పేర్లు ఎందుకు పెట్టుకుంటారు?

ఇంగ్లీషు క్లాసులో టీచరు పెడతారు, లేదా పిల్లలే ఎంచుకుంటారు. పండ్ల పేర్లు, ఋతువుల పేర్లు పెట్టుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ పేరుతో ఉన్నప్పుడు సిగ్గు తక్కువేస్తుందని అమ్మాయి నాతో అంది. పదో తరగతిలో మాత్రం ఇంగ్లీషు పేరు వదిలేసి, అసలు పేరుతోనే పిలవమని అడిగింది. సరిగ్గా పలకడానికి నాకు వారం పట్టింది. చైనీస్‌లో గొంతు ఎత్తి దించే తీరులు, అంటే స్వరాలు, నాలుగు మరి.

ట్యూషన్లు ఉంటాయా?

2021 జూలై దాకా విపరీతంగా ఉండేవి. ఆ నెలలో ప్రభుత్వం "రెండు బరువుల తగ్గింపు" అనే విధానం తెచ్చింది. హోంవర్కు ఒక బరువు, ట్యూషన్ ఇంకొకటి. తప్పనిసరి చదువులో ఉన్న పిల్లలకు స్కూలు సబ్జెక్టులను లాభం కోసం నేర్పకూడదు. వారాంతాల్లో, సెలవుల్లో ఆ క్లాసులు పెట్టకూడదు. ఒకటి, రెండు తరగతులకు రాత హోంవర్కు లేదు. జూనియర్ పిల్లలకు రోజుకు గంటన్నర దాటకూడదు. విదేశాల్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పే టీచర్లనూ ఆపేశారు.

న్యూ ఓరియంటల్ అనే పెద్ద కోచింగ్ సంస్థ సగానికి పైగా పడిపోయింది. దాన్ని 1993లో పెట్టిన యూ మిన్‌హాంగ్ రెండుసార్లు గావోకావో తప్పి, మూడోసారి 1980లో పెకింగ్ యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్న రైతు బిడ్డ. మూతపడే పరిస్థితిలో ఆ సంస్థ టీచర్లు ఆన్‌లైన్‌లో బియ్యం, మొక్కజొన్నలు అమ్మడం మొదలుపెట్టారు. అమ్ముతూ అమ్ముతూ బోర్డు మీద ఇంగ్లీషు పదాలు నేర్పారు. 2022లో జనం విరగబడి చూశారు.

ట్యూషన్లు పూర్తిగా పోయాయా అంటే, పోలేదు. డబ్బున్నవాళ్లు ఇంటికి పిలిపించుకుంటారు. మధ్యతరగతి తల్లులకు టెన్షన్ తగ్గలేదు. పరీక్ష అలాగే ఉంటే పోటీ ఎక్కడికి పోతుంది?

ఒత్తిడి నిజంగా అంత ఉంటుందా?

ఉంటుంది. మనం గావోకావో గురించే వింటాం గానీ, అసలు భయం తొమ్మిదో తరగతి చివర వచ్చే "జోంగ్‌కావో" అంటే. చాలాకాలంగా దాదాపు సగం మందే మామూలు సీనియర్ స్కూలుకు వెళ్తారు, మిగతావాళ్లు వృత్తివిద్యా బళ్లకు. పదిహేనేళ్ల పిల్లవాడి దారి ఆ మూడు రోజుల్లో తేలిపోతుందని ఇల్లంతా వణికిపోతుంది. వృత్తి విద్య చెడ్డదేమీ కాదు, జనం దాన్ని ఓటమి కింద చూడడమే చెడ్డది.

అందరూ ఒకరినొకరు తోసుకుంటూ ఉన్నచోటే పరిగెత్తడాన్ని అక్కడి పిల్లలు "నేయ్‌జువాన్" అంటారు, లోపలికి చుట్టుకుపోవడం. దానికి విరుగుడుగా 2021లో "తాంగ్‌పింగ్" అనే మాట పాకింది, హాయిగా వెల్లకిలా పడుకోవడం.

తొమ్మిదో తరగతిలో ఒక శనివారం అమ్మాయి వచ్చి, పుస్తకం తీయకుండా సోఫాలో ముడుచుకుని ఏడ్చింది. క్లాసులో పదకొండో ర్యాంకు నుంచి ఇరవై ఆరుకు పడింది. నేను సలహా ఏమీ ఇవ్వలేదు. ఉప్మా చేసి పెట్టాను. తిని, అరగంట నిద్రపోయింది. ఆరోజు ఇంగ్లీషు ఒక్క ముక్క మాట్లాడలేదు. పిల్లలకు అలాంటి ఒక గది, మార్కులు అడగని ఒక పెద్దమనిషి ఉండాలి. ఇది మన ఊళ్లకూ వర్తిస్తుందని గట్టిగా నమ్ముతాను.

పల్లెల్లో పిల్లల సంగతి?

తల్లిదండ్రులు పట్నాల్లో పనికి వెళ్లి, తాత నానమ్మల దగ్గర పెరిగే పిల్లలు చాలామంది. గల్ఫ్ వలసలు చూసిన మన ఊళ్లకు ఈ బతుకు తెలుసు. కుటుంబం ఏ ఊరిదో చెప్పే నమోదు పత్రాన్ని "హుకో" అంటారు. పట్నంలో పెరిగినా, సాధారణంగా గావోకావో రాయడానికి హుకో ఉన్న రాష్ట్రానికే వెళ్లాలి. ఇంగ్లీషు టీచర్ల కొరత పల్లెల్లోనే ఎక్కువ. అందుకే ఇంగ్లీషు మార్కుల్లో పట్నానికీ పల్లెకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఫోన్లు, గేమ్‌లు?

2021 నుంచి ఫోను బడిలోకి తేవడం మీద నిషేధం ఉంది. పద్దెనిమిది నిండనివాళ్లకు ఆన్‌లైన్ గేమ్‌లు శుక్ర, శని, ఆదివారాల్లో, పండుగ సెలవుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే. యూట్యూబ్, గూగుల్ అక్కడ మామూలుగా తెరుచుకోవు. కాబట్టి మన పిల్లలకు ఊరికే దొరికే ఇంగ్లీషు వీడియోల సముద్రం వాళ్లకు లేదు.

ఇంగ్లీషును తీసేస్తారని విన్నాం?

ప్రతి మార్చిలో చైనా పార్లమెంటు సమావేశాలు జరిగేటప్పుడు ఎవరో ఒకరు ఆ ప్రతిపాదన తెస్తారు. 2013లో బీజింగ్‌లో 150 మార్కులను 100కు తగ్గిస్తామని కూడా అన్నారు, జరగలేదు. 2021లో షాంఘై ప్రైమరీ పిల్లలకు టర్మ్ చివర ఇంగ్లీషు పరీక్ష తీసేసింది. గావోకావోలో మాత్రం 150 అలాగే ఉన్నాయి.

ఇంత కష్టపడి నేర్చుకున్న ఇంగ్లీషు పిల్లల్ని ఏమైనా మారుస్తుందా?

మారుస్తుంది, అయితే మార్కుల వల్ల కాదు. పెన్ను కొరుకుతూ కూర్చున్న రోజు సంగతి చెప్పాను కదా. మళ్లీ వారం ఆ పిల్ల నాలుగు వాక్యాలు రాసుకొచ్చింది, వాళ్ల అమ్మమ్మ గురించి. ఏప్రిల్‌లో చింగ్‌మింగ్ పండుగకు సూజౌ వైపు "చింగ్‌త్వాన్" చేస్తారు. ఆకుపసరు కలిపిన జిగురుబియ్యం పిండిలో ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించే పచ్చటి ఉండలు. మన పూర్ణం కుడుముల్లాగే ఉంటాయి. వాటికి ఇంగ్లీషులో ఏమంటారో ఆమెకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. "పచ్చని అన్నం బంతి" అని రాసింది. ఆ తర్వాత వాక్యాలు ఇవి: "హి డస్ నాట్ ఈట్. హి వాచ్ మి ఈట్." అతను తినడు, నేను తింటుంటే చూస్తాడు.

అమ్మమ్మను "హి" అంది, క్రియ చివరి ముక్క మింగింది. పరీక్షలో అయితే ఎర్ర గీతలే. నేను "హి"ని "షి" చేసి, మిగతాది ముట్టుకోలేదు. లీ హువా అలాంటి వాక్యం ఎప్పుడూ రాయలేదు.

ఆ తర్వాత నెమ్మదిగా మారింది. చైనీస్‌లో అమ్మానాన్నల దగ్గర చెప్పలేనివి నాతో వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేది. టీచరు అంటే భయమని, డాక్టరు కావాలని లేదని, మొక్కల గురించి చదవాలనుందని. పరాయి భాషలో మాట కొంచెం దూరంగా నిలబడుతుంది, అందుకే కొన్ని కష్టమైన సంగతులు చెప్పడం తేలికవుతుంది. ఆ మొక్కల మాట చివరికి వాళ్లమ్మతో చైనీస్‌లోనే చెప్పింది. ముందు నా దగ్గర ఇంగ్లీషులో నాలుగుసార్లు రిహార్సల్ చేసుకుంది.

మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్తున్నాడు. చైనా క్లాస్‌మేట్లతో ఎలా మెలగాలి?

తప్పకుండా కలుస్తారు. 2023-24లో అమెరికాలో భారత విద్యార్థులు 3.31 లక్షలు, చైనా వాళ్లు 2.77 లక్షలు. మనవాళ్లలో తెలుగువాళ్ల సంఖ్య అందరికీ తెలిసిందే. మీవాడికి చెప్పండి: గడగడా మాట్లాడకుండా కాస్త ఆగి మాట్లాడమని, వాళ్లు మౌనంగా ఉంటే పొగరు అనుకోవద్దని. లోపల వాక్యం కూర్చుకుంటూ ఉంటారు. ఇంటిపేరు ముందు వస్తుంది, మనకులాగే. ఆ పేరు పలకడం అడిగి నేర్చుకోమనండి. తిండి గురించి అడిగితే గంటసేపు మాట్లాడతారు.

ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?

2025 జూన్‌లో గావోకావో రాసింది. ఇప్పుడు మొక్కల శాస్త్రం చదువుతోంది.

అంతకు ముందు జనవరిలో ఒక సంగతి జరిగింది. అమెరికాలో టిక్‌టాక్ ఆగిపోతుందన్న వార్తతో అక్కడివాళ్లు చాలామంది ఒక్కసారిగా చైనా యాప్ షియావోహాంగ్‌షులోకి వచ్చిపడ్డారు. చైనా పిల్లలు వాళ్లను ఇంగ్లీషు హోంవర్కులో సాయం అడిగారు. ఎవరో లీ హువా గురించి చెప్పారు: ఇన్నేళ్లుగా మీకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాం, ఒక్కదానికీ జవాబు రాలేదు అని. దాంతో అమెరికావాళ్లు జవాబులు రాయడం మొదలుపెట్టారు, "డియర్ లీ హువా, ఆలస్యానికి క్షమించు" అంటూ.

వసంత పండుగ (వాళ్ల కొత్త సంవత్సరం) సెలవుల్లో ఆ అమ్మాయి అలాంటి ఒక జవాబు స్క్రీన్‌షాట్ నాకు వీచాట్‌లో పంపింది. దాని కింద తను రాసింది ఒకటే వాక్యం: "ఆయీ, నాకు ఏడుపొచ్చింది, నేను పన్నెండేళ్లు లీ హువాని." ఇంకాసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది. ఒక అమెరికా అమ్మాయికి తనూ రాసిందట, అమ్మమ్మ చేసే పచ్చటి ఉండల గురించి. ఈసారి "షి" అనే రాసింది. కింద తన సొంత పేరు ఉంది.